ముట్టుకోకూడని వాక్యం

ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ పక్క సీటు
ఐదో తారీఖు

పిన్నీ,

ఫోన్లో మాట్లాడితే నీకు సగం వినబడదు, వినబడిన సగానికి నాకు తిట్లు పడతాయి. ఆఫీసు మెయిల్లో రాద్దామంటే ఇక్కడ ప్రతి మెయిలూ ఎవరో ఒకరు చదువుతారు. అందుకని కాగితం మీదే రాస్తున్నాను. అక్షరం బాలేదని మొదలుపెట్టకు.

నా పనేమిటో బాబాయి అడిగాడన్నావు. నువ్వు ఇరవై ఆరేళ్ళు ఇదే ఆఫీసులో ఇదే పని చేసి రిటైరయితే, ఆయనకి ఇప్పుడు నేను చెప్పాలా? సరే, ఈ పేరా చదివి వినిపించు. బాబాయ్, కొత్త మందుని మనుషుల మీద పరీక్షించాక ఏం జరిగిందో ప్రభుత్వానికి రిపోర్టు ఇవ్వాలి. అది రాసేవాళ్ళం మేము. తోచినట్టు రాయడానికి లేదు, టెంప్లేటు ఉంటుంది. అంటే ముందే అచ్చుపోసి పెట్టిన రిపోర్టు. అందులో ఎర్ర అక్షరాలున్న చోట పేషెంటు కాగితాలు చూసి మేము నింపాలి. నల్ల అక్షరాలు ముట్టుకోకూడదు, అవి ప్రతి రిపోర్టులోనూ అలాగే ఉండాలి. మందు వేసుకున్నవాళ్ళెవరైనా ఆసుపత్రి పాలైతే ఒక్కొక్కరి గురించి ఒక్కో పేజీ కథనం రాస్తాం. వయసెంత, ఏమైంది, ఎప్పుడైంది, దానికి మందు కారణమా కాదా. ఆ టెంప్లేటు తయారుచేసింది మీ ఆవిడే. ఇక్కడ ఇప్పటికీ దాన్ని 'అమ్మగారి టెంప్లేటు' అంటారు. ట్రైనింగ్ గదిలో ఫొటో కూడా ఉంది, కళ్ళజోడు ముక్కు మీదకి జారి, ఎవరినో కసురుతున్నట్టు.

ఇక నీకు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది మీ ఇంట్లో ఉన్న బీపీ మాత్రే పిన్నీ. మొదట్లో నువ్వు రిపోర్టు రాసిన మాత్ర, బాబాయి రెండేళ్ళుగా వేసుకుంటున్న మాత్ర. దాన్నే ఇప్పుడు రెట్టింపు మోతాదులో ఇచ్చి పరీక్షించారు. పద్నాలుగు కథనాలు నా వంతు. పదింటితో ఏ గొడవా లేదు. మిగతా నలుగురూ స్పృహ తప్పి పడిపోయినవాళ్ళు. ఆ నలుగురి ఫారాల్లోనూ ట్రయల్ డాక్టరు తన చేత్తో 'మందుతో సంబంధం ఉండవచ్చు' అని రాశాడు. నీ టెంప్లేటులో చూస్తే ఆ చోట నల్ల అక్షరాల్లో వాక్యం ముందే ఉంది. 'ఈ సంఘటనకు మందుతో సంబంధం లేదని వైద్యుడు అభిప్రాయపడ్డారు.' మార్చబోతే కంప్యూటరు ఒప్పుకోవడం లేదు, తాళం వేసి ఉంది.

అది ఎర్రగా ఉండాల్సిన చోటు కదా? నేనే ఎక్కడైనా పొరబడుతున్నానా? రిపోర్టు ఇరవై ఎనిమిదిన వెళ్ళిపోవాలి. చివరి పేజీలో 'మూల పత్రాలతో సరిచూశాను' అని నేను సంతకం పెట్టాలి.

నీ పిచ్చుక


ఇల్లు, వంటగది బల్ల దగ్గర
తొమ్మిదో తారీఖు

పిచ్చుకా,

నీ అక్షరం బాలేదు. మొదలుపెట్టవద్దన్నావు కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను.

నీ పేరా మీ బాబాయికి చదివాను. వాచీ లోపలి చక్రమేదో చిమటాతో పట్టుకుని అంతా విన్నాడు. విని, "ఖాళీలు పూరించడమా? దీనికా ఇరవై ఆరేళ్ళు ఎండకీ వానకీ పరుగెత్తావు?" అన్నాడు. ఒక పూటంతా ఆయనతో మాట్లాడలేదు. ఆయనకి అది హాయిగానే ఉన్నట్టుంది, మధ్యాహ్నానికల్లా మూడు వాచీలు బాగుచేసేశాడు.

కథనాలు రాసేటప్పుడు తారీఖులు రెండుసార్లు చూసుకో. ఒక పేషెంటు పేజీని కాపీ చేసి ఇంకో పేషెంటుకి వాడుకునేటప్పుడు పాత వయసూ, ఆడా మగా అన్నదీ మిగిలిపోతాయి. నా దగ్గర పనిచేసిన ఒకమ్మాయి అలాగే డెబ్బై ఒక్క ఏళ్ళ పెద్దాయనకి సుఖప్రసవం చేయించింది. నేను చూడబట్టి సరిపోయింది గానీ, తల్లీబిడ్డా క్షేమంగా ప్రభుత్వం దాకా వెళ్ళిపోయేవాళ్ళే.

నల్ల వాక్యం సంగతి అడిగావు. నల్లది నల్లదే. దాని జోలికి వెళ్ళకు. డాక్టరు రాసింది రిపోర్టు చివరి పట్టికలో ఎలాగూ ఉంటుంది.

మొన్న మీ బాబాయి స్టూలు మీద నుంచి లేస్తూ తూలి, ఎవరిదో గోడ గడియారం అద్దం పగలగొట్టాడు. అన్ని గంటలు వంగి కూర్చుంటే ఎవరికి మాత్రం కాళ్ళు తిమ్మిరెక్కవు? స్టూలు మార్చమని చెప్పాను. వేళకి తిను.

పిన్ని


ఆఫీసు, మెట్ల పక్క గది
పదమూడో తారీఖు

పిన్నీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పెద్దాయన ప్రసవం గురించి అన్ని మాటలు రాసిన మనిషివి, నేను అడిగినదానికి మూడు ముక్కల్లో సరిపెట్టావు. నువ్వు అంత తక్కువ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

మా బాసు దగ్గరికి వెళ్ళాను. నీ కింద జూనియరుగా చేరినాయనే. ఏం చెప్పబోయినా ముందు 'గడువెప్పుడు?' అంటాడు కాబట్టి ఇప్పుడు మా అందరికీ ఆయన గడువు గారు. నలుగురి ఫారాలూ బల్ల మీద పరిచి చూపించాను. ఆయన ఫారాల వంక చూడలేదు, గోడ మీది కేలెండరు వంక చూశాడు. టెంప్లేటు ఆమోదం పొందిన పత్రమట. అందులో నల్ల వాక్యం మార్చాలంటే కమిటీ కూర్చోవాలట, కమిటీ కూర్చుంటే మూడు నెలలట. చివరికి, "అది అమ్మగారు పెట్టిన వాక్యం. మీకు ఆవిడకంటే ఎక్కువ తెలుసా?" అన్నాడు. ఫారాలు ఏరుకుని వచ్చేశాను. నాకు ఎక్కువ తెలుసని ఏ మొహంతో అనను?

పట్టికలో ఉంటుందన్నావు. ఉంది, నాలుగు వందల పన్నెండో పేజీలో. అక్కడిదాకా ఓపిగ్గా వెళ్ళేదెవరు? మందు డబ్బాలో మడతపెట్టి వేసే కాగితం రాసేవాళ్ళు కూడా కథనాలే చూస్తారు. నీకు తెలియనిది కాదు.

ఇరవై మూడో నంబరు పేషెంటు గురించి చెబుతాను. నలభై నాలుగేళ్ళ టైలరు. పొద్దున మాత్ర వేసుకుని మిషను ముందు కూర్చుంది. గంట తర్వాత ఎవరో పిలిస్తే లేచింది. లేస్తూనే పడిపోయింది. మిషను అంచు ముఖానికి తగిలి ఎడమ కన్ను పోయింది. ఆవిడ గురించి నేను రాసిన పేజీ చివర్లో 'సంబంధం లేదు' అని నా చేత్తో నేను పంపాలి.

నలుగురూ ఒకే తీరుగా పడ్డారు పిన్నీ. మాత్ర వేసుకున్న రెండు గంటల్లోపు, కూర్చున్న చోటి నుంచి లేస్తూ. బాబాయి కూడా లేస్తూనే తూలాడని రాశావు. ఆయన మాత్ర ఎన్నింటికి వేసుకుంటాడు? తూలింది ఎన్నింటికి? అంతకుముందు ఎప్పుడైనా తూలాడా? ఈ మూడింటికీ జవాబు రాయి. స్టూలు సంగతి మాత్రం రాయకు.

పిచ్చుక


ఇల్లు
పదహారో తారీఖు

పిచ్చుకా,

మీ బాబాయిని నీ పేషెంట్లలో కలపకు. ఆయనకి అరవై ఆరేళ్ళు. ఆ వయసులో లేవగానే పరుగెత్తేవాళ్ళు ఎంతమంది? ఆయనకి ఆ మాత్ర రాయమని డాక్టరుకి చెప్పింది నేను. ఆ రిపోర్టు రాసింది నేను. నా ఇంట్లో మనిషికి ఏది మంచిదో ఏది చెడ్డదో ఎనిమిది నెలల ఉద్యోగం చేసి నువ్వు నాకు చెప్పనక్కర్లేదు.

సంతకం పెట్టు. ఉద్యోగం నిలబెట్టుకో. ఇంకేమీ తవ్వకు.

పిన్ని

(అమ్మాయ్, ఇది నేను, బాబాయిని. ఉత్తరం పోస్టు చేయమని నాకిచ్చింది, అంటించకముందే ఈ ముక్క రాస్తున్నాను. నువ్వేం రాశావో నాకు చదవలేదు. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి పొయ్యి మీద టీ పెట్టి మరిచిపోతోంది. ఇప్పటికి రెండు గిన్నెలు మాడ్చింది. ఏమిటి సంగతి? నా గురించే అయితే నేను బాగానే ఉన్నాను.)


ఆఫీసు, రికార్డు గది
ఇరవయ్యో తారీఖు

పిన్నీ,

ఇది రాయడానికి పొద్దున్నుంచి నాలుగు కాగితాలు చింపాను.

నువ్వు తవ్వద్దన్నావు. తవ్వాను. రికార్డు గదిలో ఆ మాత్ర మొదటి రిపోర్టు దొరికింది. పదిహేను కథనాలు. పదిహేనింటిలోనూ చివరి వాక్యం ఒక్కటే, చుక్కతో సహా. పేషెంట్ల ఫారాలు పక్కనే అట్టపెట్టెలో ఉన్నాయి. నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి చూశాను. పన్నెండు ఫారాల్లో డాక్టరు 'లేదు' అని రాశాడు. మూడింటిలో 'ఉండవచ్చు' అని ఉంది. ఆ ముగ్గురూ లేస్తూ పడిపోయినవాళ్ళే.

తర్వాత కంప్యూటరులో టెంప్లేటు చరిత్ర తెరిచాను. ఎప్పుడెప్పుడు ఎవరు ఏం మార్చారో అందులో ఉంటుంది. ఆ వాక్యం దగ్గర ఒకే ఒక్క మార్పు ఉంది. ఎరుపు నుంచి నలుపు. ఆ రిపోర్టు వెళ్ళిన రోజే, మధ్యాహ్నం రెండింటికి. ఎదురుగా నీ పేరు. చూసి కాసేపు స్క్రీను మూసేశాను. ఎవరైనా వెనక నుంచి చూస్తారేమోనని భయం వేసింది. నిన్ను దాచిపెట్టాలనిపించింది. నాకు పెన్ను పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పించినదానివి నువ్వు. నా మీద కోపం తెచ్చుకో, కానీ నాతో అబద్ధం చెప్పకు.

గడువు గారు ఆ చరిత్ర చూసి, రంగు తప్ప, మార్చకముందు అక్కడేం రాసి ఉందో అందులో కనబడదు కాబట్టి అది చెల్లదన్నాడు. అది ఎర్ర ఖాళీ అని చూపించే అసలు కాగితం ఉంటే తప్ప కమిటీ పిలవడట. కమిటీ ఆమోదించిన ఆ మొదటి ప్రతి ఆఫీసులో లేదు. నీ దగ్గర ఉందని నాకు తెలుసు. నాకు పని నేర్పేటప్పుడు ఒకసారి చూపించావు, వారంటీ కార్డులూ రసీదులూ పెట్టే అట్ట ఫైలులో.

నేను సంతకం పెట్టడం లేదు. ఆ మాట ఆయనకి చెప్పేశాను. ఇరవై ఎనిమిది పొద్దుటికి నేను పెట్టకపోతే నా బదులు ఇంకొకరు పెడతారట. ఆ ఇంకొకరు ఎవరో కూడా చూసుకున్నాడు.

బాబాయికి రెండుసార్లు ఫోన్ చేశాను. నవ్వి, బాగానే ఉన్నానని పెట్టేశాడు. నీకు నమస్కారం పెడతాను, ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మాత్ర నీ అంతట నువ్వు ఆపేయకు, డాక్టరుని అడిగి ఆపు. అడగడం మాత్రం ఈ ఉత్తరం అందిన రోజే అడుగు.

పిచ్చుక


ఆసుపత్రి, రెండో అంతస్తు వరండా, బెంచీ
ఇరవై ఐదో తారీఖు

పిచ్చుకా,

నీ ఉత్తరం ఇరవై మూడున మధ్యాహ్నం వచ్చింది. మీ బాబాయి ఆ పొద్దునే పడ్డాడు.

బతికే ఉన్నాడు. ముందు అది చదివి ఊపిరి పీల్చుకో. కుడి తుంటి ఎముక విరిగింది. తల బల్ల అంచుకి తగిలి ఏడు కుట్లు పడ్డాయి. నిన్న ఆపరేషను అయింది. మళ్ళీ నడుస్తాడా అంటే డాక్టరు చూద్దాం అంటున్నాడు.

నీ మూడు ప్రశ్నలు చదివిన రోజే, ఇది మాత్ర వల్లేనని నాకు తెలిసిపోయింది. ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఈ మాత్ర మీద మీకెందుకు అనుమానం అని అడుగుతాడు. అప్పుడు నేనేం చెప్పాలి? ఆ జవాబు వెతుక్కుంటూ వారం రోజులు ఊరుకున్నాను. ఆ వారం రోజులూ ప్రతి పొద్దునా ఆ మాత్రా, నీళ్ళ గ్లాసూ నా చేత్తోనే అందించాను. నీకు కోపంగా ఉత్తరం రాసిన చేత్తోనే.

అసలు జరిగింది చెబుతాను. ఆ రోజు సాయంత్రం ఐదింటికి రిపోర్టు వెళ్ళాలి. రెండింటికి పదిహేను కథనాల్లో ఆరే అయ్యాయి. ఆ ఆరింటిలోనూ డాక్టరు 'లేదు' అనే రాశాడు. మిగతావీ అంతేలే అనుకున్నాను. ఎర్ర ఖాళీ తీసేసి, నల్ల వాక్యం చేసి, మిగిలిన తొమ్మిదింటిలో ఒక్కసారే పడేశాను. ఫారాలు రేపు చూసి సరిచేద్దామనుకున్నాను. మర్నాడు పొద్దున పెద్దలంతా నా సీటు దగ్గరికి వచ్చి గడువుకి ముందే చేశావని మెచ్చుకున్నారు. పని తేలికయిందని ఆ ఫైలునే అందరికీ టెంప్లేటు చేశారు. ఆ తర్వాత ఒకసారి ఆ అట్టపెట్టె విప్పి చూద్దామని రికార్డు గది దాకా వెళ్ళాను. తాళంచెవి అడగకుండానే వెనక్కి వచ్చేశాను. ముగ్గురని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. ఒక్కరు కూడా లేరనే అనుకుంటూ బతికాను.

నిన్న ఆపరేషనుకి తీసుకెళ్ళే ముందు ఆయన చొక్కా జేబులో చీటీ దొరికింది. వాచీలవాడు కదా, ఏదైనా నిమిషాలతో సహా రాసుకునే అలవాటు. '10.20 మాత్ర. 11.05 లేచాను. కళ్ళు చీకట్లు, పదకొండు సెకన్లు.' అలాంటివి ఐదు ఉన్నాయి. గడియారం అద్దం పగిలింది మూడోసారి. నాకెందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు రాసిన మందు కదా, నీ మనసు కష్టపెట్టుకుంటావని," అన్నాడు.

అప్పుడు ఆయనకి అంతా చెప్పాను. అరమరిక లేకుండా, ఆ రోజు మధ్యాహ్నం రెండింటి దగ్గర్నుంచి. కళ్ళు మూసుకుని విన్నాడు. "ఖాళీలు పూరించడమేగా అని వెక్కిరించాను. అదే సరిగా చేయలేదన్నమాట," అన్నాడు. నవ్వలేదు. నా చెయ్యి వదల్లేదు. స్ట్రెచరు వచ్చాక ఆ టైలరమ్మ రెండో కన్ను బాగానే ఉందా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నువ్వు కనుక్కుని ఆయనకి రాయి.

దీనితో పాటు కొరియరులో పంపుతున్నవి చూసుకో. ఒకటి, కమిటీ సంతకాలున్న మొదటి టెంప్లేటు. ఆ చోట ఎర్ర ఖాళీయే ఉంది, పక్కన 'డాక్టరు రాసిన మాటే రాయాలి' అని కూడా ఉంది. రెండు, నేను ఏం చేశానో, ఎప్పుడు చేశానో రాసి సంతకం పెట్టిన కాగితం. వీటి కాపీలు మందుల నియంత్రణ కార్యాలయానికి ఈ పొద్దునే రిజిస్టరు పోస్టులో పంపాను. కాబట్టి మీ గడువు గారు నీ కాగితాలు బల్ల సొరుగులో వేసుకున్నా ఆయనకి ఒరిగేదేమీ ఉండదు. ట్రైనింగ్ గదిలో ఫొటో తీసేస్తారు. తీసేయనీ. నా పేరు దాచిపెట్టాలని మాత్రం చూడకు. నాకు ఏడుపు వస్తోంది గానీ భయంగా లేదు.

మూడోది ఈ కింద రాస్తున్నాను. నా టెంప్లేటులోనే రాశాను, నాకు ఇంకోలా రాయడం రాదు.

పేషెంటు: పురుషుడు, 66 ఏళ్ళు. వృత్తి: వాచీలు బాగుచేయడం. ట్రయల్లో లేడు. మాత్రను రెండేళ్ళుగా ఇంట్లో, భార్య మాట మీద వాడుతున్నాడు.

ముందు లక్షణాలు: నెల రోజుల్లో ఐదుసార్లు, కూర్చున్న చోటి నుంచి లేస్తూ కళ్ళు చీకట్లు కమ్మడం. ఇంట్లో ఒకరు గమనించారు. గమనించి స్టూలు మార్చమన్నారు.

సంఘటన: ఇరవై మూడో తారీఖు, పది ఇరవైకి మాత్ర. పదకొండు పదికి ఎవరో గడియారం కోసం తలుపు కొడితే లేచి, స్పృహ తప్పి పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది. తలకు గాయం.

తీసుకున్న చర్య: మాత్ర ఆపారు. ఆపించింది ఆసుపత్రి డాక్టరు. అంతకుముందు వారం రోజుల పాటు ఆపించగలిగిన మనిషి ఇంట్లోనే ఉంది.

ప్రస్తుత స్థితి: ఆసుపత్రిలో. తెలివిగా ఉన్నాడు. పగలగొట్టిన గడియారానికి కొత్త అద్దం వేయలేదని బాధపడుతున్నాడు.

మందుతో సంబంధం: ఈ ఖాళీ నేను నింపలేదు. డాక్టరు రౌండ్సుకి వచ్చినప్పుడు నా ఎర్ర పెన్ను ఆయన చేతికిచ్చి, మీరే రాయండన్నాను. ఆయన చీటీ చదివి, ఒక నిమిషం ఆలోచించి రాశాడు. కింద ఉన్నది ఆయన చేతిరాత.

ఉండవచ్చు.

రాసినది: భార్య.
మూల పత్రాలతో సరిచూడవలసినది: నువ్వు. చీటీ జతచేశాను. ఒక్కో అంకె చూసుకుని, అప్పుడు సంతకం పెట్టు.